ఖాళీ లేని లైను

"ఇదిగో, మళ్లీ వచ్చింది!" అన్నాడు డ్రాఫ్ట్స్‌మన్. కంప్యూటర్ తెరమీద గీస్తున్న మూడంతస్తుల ఇంటి ప్లాను మీదికి ఓ చిన్న పెట్టె ఎగిరొచ్చి కూర్చుంది. 'ఇంటర్నెట్‌కు కనెక్ట్ అవుతోంది' అని ఉంది అందులో. "పొమ్మన్నా పోదు. అరగంటకోసారి తయారు!"

రిపేరుకి వచ్చిన అమ్మాయి కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ ఇంట్లో ఉన్నది ఆ ఒక్క కుర్చీనే. అతను నిలబడ్డాడు.

"మీరు నెట్ వాడతారా సార్?"

"నాకెందుకమ్మా అది? కంప్యూటర్ అమ్మినవాడు పెట్టిచ్చాడు. గీతలు గీసుకుని బతికేవాణ్ణి, ఒక్కనాడూ వాడలేదు."

"మరి క్యాన్సిల్ నొక్కి వదిలేయొచ్చుగా. దీనికోసం పొద్దుట్నుంచి నాలుగుసార్లు ఫోన్ చేశారు!"

అతను మూలనున్న ఫోన్ వైపు చూశాడు. "ఇది డయల్ చేసినప్పుడల్లా ఫోన్ లైను దీని నోట్లోకే పోతుందటగా? అప్పుడు బయటివాళ్లెవరు చేసినా ఎంగేజే. మా అక్కకి ఉత్తరం రాశాను. తప్పు నాదే, కోపం పోతే ఒక్కసారి ఫోన్ చెయ్యక్కా అని. మూడు నెలలైంది. చేసే ఉంటుంది. దీని పుణ్యమా అని లైను దొరికుండదు."

"మీరే చేయొచ్చుగా సార్?"

"ఏ మొహం పెట్టుకుని చేయను? నేనన్న మాటలు అలాంటివి. ముందు తను పలకాలి."

ఆ అమ్మాయి ఇంకేమీ అడగలేదు. సెట్టింగులు తెరిచి చూసింది. ఏదో ప్రోగ్రామ్ అరగంటకోసారి కొత్త మార్పుల కోసం నెట్‌లో వెతకబోతోంది. దాని నోరు కట్టేసింది. 'ఎప్పుడూ డయల్ చేయవద్దు' అన్నచోట చుక్క పెట్టింది. కంప్యూటర్‌ని ఫోన్ లైనుకి కలిపే మోడెమ్ వైరు కూడా పీకేస్తే పీడా వదిలిపోతుందని బల్లకిందికి దూరి చేత్తో తడిమింది.

వైరు మొత్తం చేతికొచ్చేసింది. రెండో కొన దేనికీ తగిలించి లేదు. దాని ప్లాస్టిక్ తొడుగు కూడా ఎవరూ విప్పలేదు. గోడమీది సాకెట్లో ఉన్నది ఫోన్ వైరు ఒక్కటే. ఆ పెట్టె అరగంటకోసారి ఉత్తినే అరిచింది తప్ప, లైనుని ఒక్క క్షణం కూడా తాకలేదు. మూడు నెలలూ ఆ ఫోను ఖాళీగానే ఉంది.

"దొరికిందా అమ్మాయ్?" పైనుంచి అతని గొంతు.

ఆమె వెంటనే బయటికి రాలేకపోయింది. వైరుని ఉండలా చుట్టి సంచీలో కుక్కేసుకుంది.

"దొరికింది సార్. మీరన్నదే నిజం. రోజంతా లైను ఇదే మింగేసింది. ఎవరు చేసినా ఎంగేజే వచ్చుంటుంది."

అతని మొహం వెలిగిపోయింది. "అనుకుంటూనే ఉన్నా! ఎన్నిసార్లు చేసిందో పిచ్చిది! కావాలనే రిసీవర్ తీసి పక్కన పెట్టాననుకుని ఉంటుంది." అంటూనే ఫోన్ దగ్గరికి నడిచాడు.

ఆమె ఇది ఊహించలేదు. "సార్, ఇప్పుడే ఎందుకు... తర్వాత నింపాదిగా..."

అతను వినిపించుకోలేదు. నంబరు చూసుకోవాల్సిన పని కూడా లేకపోయింది అతనికి. ఆ అక్క 'నేనెప్పుడు చేశాను?' అందంటే ఈ మనిషి గతేమిటి? ఆమె సంచీ జిప్పు వేసి, మళ్లీ తీసి, మళ్లీ వేసింది.

"అక్కా... నేనే. ఇక్కడ కంప్యూటర్ పాడై మూడు నెలలుగా మా ఫోను ఎంగేజే వస్తోందట. నువ్వు... నువ్వేమైనా చేశావా?"

అవతల చాలాసేపు నిశ్శబ్దం. ఫోన్ వైరుని అతని వేళ్లు మెలిపెడుతున్నాయి. ఆ తర్వాత సన్నగా ఏవో మాటలు.

అతను రిసీవర్‌ని అరచేత్తో మూసి, తడికళ్లతో ఆమె వైపు తిరిగాడు.

"విన్నావా అమ్మాయ్? రోజూ చేసేదట! ఎప్పుడు చేసినా ఎంగేజేనట!"