మెచ్చుకోలు

నౌపడ ఉప్పు మడుల్లో పనిచేసే మరిడమ్మ, 1968లో ఒకనాడు గ్రామసేవిక పెట్టిన తల్లుల మీటింగుకి వెళ్లింది. పిల్లల్ని తిట్టొద్దు, కొట్టొద్దు, మంచిపని చేస్తే మెచ్చుకోండి అని చెప్పిందామె.

ఇంటికొచ్చేసరికి తొమ్మిదేళ్ల కూతురు చిన్నతల్లి అంబలి కాచి ఉంచింది. మరిడమ్మ మెచ్చుకుందామనుకుంది. తననెవరైనా మెచ్చుకుని ఉంటే కదా, ఎలా మెచ్చుకోవాలో తెలియడానికి!

"బాగా సేసినావమ్మా. నా బంగారుతల్లివి," అంది చివరికి, తల నిమురుతూ.

చిన్నతల్లి వెనక్కి వెనక్కి జరిగి గోడకి అంటుకుపోయింది. "నన్నెక్కడికి పంపీస్తన్నావమ్మా?"

"ఎక్కడికీ నేదే. మెచ్చుకున్నానంతే."

"అక్కకీ ఇలాగే తల నిమిరినావు. తెల్లారీసరికి సాలూరు షావుకారింట్లో పనికి ఒగ్గీసినావు. నానెల్లను!"

మరిడమ్మ ఒట్టు పెట్టింది. బుజ్జగించింది. తల్లి మెత్తగా మాట్లాడినకొద్దీ పిల్ల ఇంకా గట్టిగా ఏడ్చింది.

దిక్కుతోచక మరిడమ్మ, "ఒసే దొంగముండా, ఏడుపాపి అంబలి తాగు!" అని వీపు మీద ఒక్కటి వేసింది.

చిన్నతల్లి ఏడుపు ఆగింది. ముక్కు తుడుచుకుని, వచ్చి తల్లిని ఆనుకుని కూర్చుని, కడుపు నిండా తాగింది.