వేడెక్కే దాకా

ఆ కాలనీలో భార్యాభర్తలు పొద్దున్నే మణికట్లకు పట్టీలు కట్టుకుని, ఇద్దరి మనసుల మధ్య తేడా సున్నాకు వచ్చేదాకా ఎదురెదురుగా కూర్చోవాలి. కూర్చోనివాళ్లు క్వార్టర్ ఖాళీ చేయాలి.

పంప్‌హౌస్‌లో మోటారు షాఫ్టునూ (తిరిగే ఇరుసునూ) పంపు షాఫ్టునూ ఒకే వరసలోకి తేవడం ఇందుమతి పని. ఆ ఉదయం ఆమె పట్టీ విప్పేసింది. నిన్న భర్త మీద వచ్చిన కోపాన్ని అది క్షణంలో తుడిచేసింది. అసలు ఆ కోపం తనదేనా అని అప్పటినుంచీ ఆమెకు అనుమానం.

"కట్టుకోవే తల్లీ, ఇల్లు పోతుంది," అన్నాడు భర్త ముకుందం.

"చల్లటి మోటారుని పంపుతో సరిసమానంగా బిగిస్తే, వేడెక్కాక ఉబ్బి పైకి లేచి బేరింగులు నమిలేస్తుంది. అందుకే ముందే కాస్త కిందికి ఉంచుతాం. ఆ తేడాయే దాన్ని తిరగనిస్తుంది."

"అంటే నేను పంపునా?"

"పంపైతే చెప్పిన మాట వినేది."

"తేడా పెరుగుతోంది. సరిచేసుకోండి," అంది ఇద్దరి మాటలూ వింటున్న గోడలోని యంత్రం గొంతు.

"పెరగనీ!" అని అరిచి, ఇందుమతి గిన్నెలు మూటకట్టడం మొదలుపెట్టింది.

ముకుందం తన పట్టీ కూడా లాగిపారేశాడు. మొహం ఎర్రబడింది.

"నాకు నీ మీద ఒళ్లు మండిపోతోంది, ఇందూ!"

"మండనీ. ముందు అటక మీది పెట్టె దించు. పోట్లాట దారిలో పెట్టుకుందాం."