ఖాళీ లేని వీధి

“ఇంకో మూడు నెలలు చూస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే షాపు మూసేద్దామండీ,” అంది మా ఆవిడ. గొంతులో కోపం లేదు. అందుకే భయమేసింది.

నగరం నడిబొడ్డున పాత బజారులో మాది కళ్ళజోళ్ళ షాపు. మా నాన్న పెట్టింది. ఆయన హయాంలో కౌంటరు ముందు జనం నిలబడేవాళ్ళు. నా హయాంలో నేనే నిలబడుతున్నాను, కూర్చుంటే నిద్రొస్తుందని.

రోగం ఏమిటో బజారంతటికీ తెలుసు. పార్కింగ్. వీధిలో ఎప్పుడు చూసినా కారు పెట్టడానికి చోటుండదు. మా సొంత వదినే కళ్ళజోడు కోసం వచ్చి, వీధిలో తిరిగి తిరిగి, విసుగెత్తి మాల్‌కి పోయి కొనుక్కుంది. ఫ్రేము బాగా నప్పిందని నేనే మెచ్చుకోవాల్సి వచ్చింది.

బయటివాళ్ళెవరో కార్లు తెచ్చి పెట్టేసి పోతున్నారని మా వ్యాపారుల సంఘం గట్టి నమ్మకం. ‘ఈ చోటు కస్టమర్లకి మాత్రమే’ అని బోర్డు కూడా పెట్టించాం. రాయించింది నేనే. ఒక్కరూ లెక్కచేయలేదు.

ఇలా ఉండగా మున్సిపల్ ఆఫీసు నుంచి ఒక మేడమ్ వచ్చారు, బజారుకి మళ్ళీ కళ తెప్పిస్తామంటూ. మామూలుగా టీ ఇస్తామన్నా ఎవరూ రాని సంఘం హాలు ఆ రోజు కిక్కిరిసిపోయింది.

“కార్లు పెట్టే చోటు తీసేసి ఫుట్‌పాత్ వెడల్పు చేద్దాం. చెట్లు, బెంచీలు పెడదాం. జనం తీరిగ్గా నడిస్తే మీ షాపుల్లోకి తొంగిచూస్తారు. కానీ మీరందరూ ఒప్పుకోవాలి. లేదంటే ఈ నిధులు ఇంకో బజారుకి పోతాయి,” అన్నారు మేడమ్.

సంఘం అధ్యక్షుడు, బట్టల షాపు పెద్దాయన, ఇంతెత్తున లేచాడు. “ఉన్న చోటే చాలక మేం ఏడుస్తుంటే అదీ లాక్కుంటారా అమ్మా? ఆ కార్లు పోతే మేం రోడ్డున పడతాం.”

“ఆ కార్లలో వచ్చేవాళ్ళు మీ షాపుల్లో కొంటున్నారా?”

చెప్పుల షాపాయన నా వైపు చూశాడు. నేను సీలింగ్ ఫ్యాన్ వైపు చూశాను.

అయినా ఊరుకుంటే నేను నేనెలా అవుతాను? నాకు బేరాలు రావు గానీ ఉపన్యాసాలు బాగా వస్తాయి. “చూడండి మేడమ్, పొద్దున మేం షట్టర్లు ఎత్తేసరికే వీధి నిండిపోతుంది. మళ్ళీ షట్టర్లు దించేదాకా ఒక్క కారు కదలదు. ఎంత గిరాకీ ఉన్న వీధో మీరే ఆలోచించండి,” అన్నాను.

చప్పట్లు మోగాయి. ఆ ఊపులో, ఉన్న ఫుట్‌పాత్ కూడా కొట్టేసి కార్లకి ఇంకో వరస ఇవ్వమని అడిగేశాను. మా నాన్న ఉంటే మురిసిపోయేవాడనిపించింది.

“సరే. నా ప్రతిపాదన వద్దనేవాళ్ళు చేతులెత్తండి,” అన్నారు మేడమ్, నీరసంగా.

హాలంతా చేతులెత్తింది. నేను రెండూ ఎత్తాను.

అంతలో వాచ్‌మన్ తలుపు తోసుకుని వచ్చాడు. “సార్, బయట నీళ్ళ పైపు పగిలింది. వీధిలో ఉన్న కార్లన్నీ ఇప్పుడే తీసేయాలంట. లేకపోతే క్రేనుతో లాక్కెళ్ళిపోతారంట.”

ఎత్తిన ఆ చేతులతోనే కారు తాళాల కోసం జేబులు తడుముకుంటూ మేమందరం బయటికి పరిగెత్తాక, హాల్లో మేడమ్ ఒక్కరే మిగిలారు.