తొందర లేని కప్ప

పెద్ద మేడమ్ టేబుల్ మీద టైమర్ పెట్టి, చెవి మెలిపెట్టినట్టు దాన్ని తిప్పింది.

అది టిక్కుటిక్కుమంటూ మొదలైంది.

“ఊఁ, కానివ్వు పాపా. పది లెక్కలు.”

రెండో తరగతిలో సీటు కోసం వచ్చిన పాప కంప్యూటర్ ముందు కూర్చుంది. కాళ్లు నేలకందడం లేదు. వెనకాల వాళ్లమ్మ నిలబడింది.

తెర మీద నీళ్లు, నీళ్లలో రాళ్లు, రాళ్ల మీద అంకెలు. జవాబు నొక్కితే కప్ప ఆ రాయి మీదికి గెంతుతుంది. నొక్కేదాకా కళ్లార్పుతూ కూర్చుంటుంది.

ఆ బడి పిల్లలందరూ కూడికలు నేర్చింది ఆ కప్పతోనే. శబ్దం మాత్రం వినలేదు. ఇరవై కంప్యూటర్లు ఒక్కసారి మాట్లాడితే గది చేపల బజారవుతుందని పెద్ద మేడమ్ మొదటి రోజే స్పీకర్లు పీకించి బీరువాలో పెట్టించింది.

“ఇందులో గడియారం ఉండదు కదండీ?” అంది తల్లి.

“అదే దీంట్లో లోపం. అందుకే నేను పెట్టుకున్నా. రెండో భాగం చెయ్యండి, గడియారం కూడా పెట్టండని తయారుచేసినవాళ్లకి మూడు మెయిళ్లు రాశాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఇంతకీ మీరేం చేస్తుంటారు?”

“ఇంట్లోనే ఉంటానండీ.”

“ఓహో” అంటూ పెద్ద మేడమ్ దరఖాస్తులో ఆ గడి మీద అడ్డగీత గీసేసింది.

పాప నాలుగో లెక్క దగ్గర ఆగింది. వేళ్లు మడిచింది. టైమర్ వైపు చూసింది. వేళ్ల లెక్క తప్పింది. మళ్లీ మొదటి వేలు.

తల్లి వంగి, “తొందరేం లేదు బంగారం. ఆలోచించుకో” అంది.

“మధ్యలో మాట్లాడకండమ్మా! ఇది పరీక్ష.”

తల్లి వెనక్కి జరిగింది.

ఎట్టకేలకు పాప పదీ పూర్తిచేసి, తిరిగి చూసి నవ్వింది.

“పదీ రైటేనా అండీ?”

“రైటే. కానీ పద్నాలుగు నిమిషాలు! మావాళ్లు నాలుగు నిమిషాల్లో ఊదిపారేస్తారు. ఏమనుకోకండి, ఈ పిల్ల మా క్లాసుతో నడవలేదు. ఈ ప్రోగ్రాం ఉచితమే, ఎవరో మహానుభావులు చేసిపెట్టారు. ఇంట్లో వేసుకుని రోజూ చేయించి, వచ్చే ఏడాది తీసుకురండి.”

తల్లికి నవ్వొచ్చింది.

“చేయిస్తానండీ. తీసుకురావడం మాత్రం కుదరదు.”

“ఏం?”

“పదికి పది చేసిన పిల్లని వద్దనే బడి మాకెందుకండీ?”

కోపంగా అనలేదు. కూరలమ్మే అబ్బాయితో ‘ఈ వంకాయలు వద్దులే’ అన్నంత మామూలుగా అంది. పాప చెయ్యి పట్టుకుని మెట్లు దిగిపోయింది.

“నోరు బానే ఉంది” అంది పెద్ద మేడమ్.

వారం తిరగకుండానే కంప్యూటర్ టీచర్ పరుగున వచ్చింది.

“మేడమ్, కప్ప రెండో భాగం పంపేశారు! మెయిల్ కూడా రాశారు.”

“చదువు, చదువు.”

“‘ఆలస్యానికి మన్నించండి. ఇదీ ఉచితమే. గడియారం మాత్రం పెట్టలేదు. ఒక్కసారి స్పీకర్లు తగిలించి వినండి, ఎందుకో తెలుస్తుంది.’”

“కింద పేరు?”

“‘ఒక అమ్మ’ అని రాశారంతే.”

“చూశావా, పట్టు వదలకుండా అడిగితే రాకేం చేస్తుంది! ఆవిణ్ణి మన వార్షికోత్సవానికి పిలవాలి. అన్నట్టు, ఆ నిదానం పిల్ల మళ్లీ వచ్చిందా?”

“లేదు మేడమ్. పక్క వీధి బడిలో చేరిపోయింది. నిన్న యూనిఫాంలో గెంతుకుంటూ పోతోంది.”

“పోనీలే. ముందు ఆ స్పీకర్లు తియ్యి.”

టీచర్ బీరువా తెరిచి, దుమ్ము దులిపి, స్పీకర్లు తగిలించింది.

కప్ప మొదటి రాయి మీద కూర్చుని కళ్లార్పింది.

“తొందరేం లేదు బంగారం. ఆలోచించుకో. నేనిక్కడే ఉంటా.”

పోయిన సోమవారం, ఇదే కుర్చీ వెనక, పెద్ద మేడమ్ మధ్యలో ఆపేసిన గొంతు అది.