ఏడో నంబరు

పక్షపాతం పోవాలని ల్యాబుల్లో ముసుగులు తప్పనిసరి చేసి తొమ్మిదేళ్ళయింది. అందరికీ ఒకటే మొహం, ఒకటే గొంతు, నుదుటి మీద ఒక నంబరు. ఘనా నుంచి హైదరాబాదు వచ్చి ఉప్పునేలల్లో పండే వరి మీద పరిశోధన చేస్తున్న నల్లజాతి శాస్త్రవేత్త ఎఫువాది ఏడో నంబరు. "ఏడు చెప్తే ఇక తిరుగులేదు" అనేవారు డైరెక్టర్ హైమవతి గారు.

ఆ సోమవారం ముసుగులన్నీ రిపేరుకి వెళ్ళాయి. మీటింగులో అందరూ సొంత మొహాలతో, పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళలా బిగుసుకుని కూర్చున్నారు.

ఎఫువా ఎప్పటిలాగే చెప్పింది. "ఉప్పునీళ్ళు మొలకకి కాదండీ, వరి పొట్ట దశలో ఉన్నప్పుడు పెట్టి చూడాలి."

ఎవరూ రాసుకోలేదు.

"తెలుగు భలే మాట్లాడుతున్నావమ్మా. కొత్తగా చేరావా?" అన్నారు హైమవతి గారు నవ్వుతూ. జవాబు కోసం ఆగకుండా మిగతావాళ్ళ వైపు తిరిగారు. "ఇంతకీ మన ఏడో నంబరు ఏడీ? ఆయన వచ్చాక తేలుద్దాం."

నేనేనండీ అన్న మాట ఎఫువా నోటిదాకా వచ్చింది. కానీ గదిలో ఉన్నవాళ్ళంతా ఎంతో నమ్మకంగా తలుపు వైపు చూస్తున్నారు. ఏమీ అర్థంకాక, ఎఫువా కూడా అటే చూసింది.