అడ్డుపుల్ల

“మళ్లీ మొదలెట్టాడు!” నీలం దుకాణం ఆయన తల పట్టుకున్నాడు. “చీటీలు రాసే వేళకి కూడా ఈ గోలేనా?”

గోల చేస్తున్నది నల్లరంగు దుకాణం పెద్దాయన. అద్దకం వీధిలో అందరూ ఆయన్ని ఎదురుగా బాబాయ్ అనీ, వెనక అడ్డుపుల్ల అనీ పిలుస్తారు. ఎవరు ఏ పని తలపెట్టినా, ‘మరి నీళ్ల మాటేమిటి?’ అని అడక్కపోతే ఆయనకి అన్నం సయించదు.

“నమూనా సరుకు కోసం వారం రోజులు రెట్టింపు నూలు ముంచాం. బావి రెండు ముడులు దిగింది. నెలైనా ఇంకా తేరుకోలేదు. ఈ కంపెనీ ఆర్డరు పట్టుకుని ఏడాది పొడుగునా ముంచితే?” అన్నాడాయన, చేతిలో తాడు ఊపుతూ.

మూరకో ముడి వేసిన ఆ తాడుని రోజూ పొద్దున్నే బావిలోకి దించి, నీళ్లెంత లోతున ఉన్నాయో గోడ మీద రాసిపెట్టడం ఆయన పని. ఎవరూ అప్పజెప్పలేదు, తనే నెత్తిన వేసుకున్నాడు.

“వానలు పడితే అదే నిండుతుంది,” అన్నాడు నీలం దుకాణం ఆయన.

“పడకపోతే?”

“పడనప్పుడు చూసుకుందాంలే బాబాయ్! ముందే ఏడుపెందుకు?” ఎరుపు దుకాణం వదిన విసుక్కుంది. గదిలో అందరూ నవ్వారు.

“ఆయన్ని చెప్పనివ్వండి,” అంది వీధి సంఘం అధ్యక్షురాలు.

ఆవిడ మాటంటే వీధిలో అందరికీ గురి. ఉండదా మరి? ఆరేళ్ల కిందట పదకొండు దుకాణాలవాళ్లూ ఎవరి నీళ్లు వాళ్లు తోడుకుని, ఎవరి మురుగు వాళ్లు కాలువలోకి వదిలేసేవారు. కాలువ రోజుకో రంగులో పారేది. దిగువన కూరగాయల తోటలవాళ్లు కర్రలు పట్టుకుని కొట్లాటకొచ్చారు. అప్పుడు లేత పసుపు అద్దే ఈవిడే గడప గడపకీ తిరిగి, తిట్టినవాళ్ల చేత తిట్లు తిని, చివరికి అందర్నీ ఒకచోట కూర్చోబెట్టింది. ఇప్పుడు పసుపు నూలు జాడించిన నీళ్లు ఎరుపుకి వెళ్తాయి. ఎరుపు నుంచి నీలానికి, నీలం నుంచి నలుపుకి. ఆ తర్వాత ఇసుకా బొగ్గూ పరిచిన తొట్లలో తేరుకుని తోటలకి పోతాయి. తోటలవాళ్లు కర్రలు మాని, అద్దకానికి పనికొచ్చే ఆకులూ వేళ్లూ పండించి ఇస్తున్నారు. ఎక్కడెక్కడివాళ్లో వచ్చి చూసి, ముక్కున వేలేసుకుని వెళ్తున్నారు.

ఈ పెద్ద ఆర్డరు తెచ్చిందీ ఆవిడే. ఏడాదిపాటు బట్టల కంపెనీ చుట్టూ కాళ్లరిగేలా తిరిగింది. ఇది కుదిరితే ప్రతి దుకాణంలోనూ ఇద్దరికి పని దొరుకుతుంది. ఇక్కడ పని చాలక ఎక్కడో లారీ నడుపుతూ నెలకోసారి ఇంటికొచ్చే ఆవిడ భర్త, ఇంటిపట్టున ఉండి రంగు కలుపుకోవచ్చు. ఆ మాట ఆవిడ ఎవరితోనూ అనలేదు. కానీ మొన్న ఆయన పాత తొట్టిని బయటికి లాగి, తళతళలాడేలా తోముతుంటే వీధంతా చూసింది. చూసి, పోనీలే పాపం, ఇన్నాళ్లకి అనుకుంది.

సభ రోజు పొద్దున కూడా ఆవిడ బావి దగ్గరికి వెళ్లి పెద్దాయన్ని బతిమాలింది.

“ఈ ఒక్కసారికి అడ్డు చెప్పకు బాబాయ్.”

“నేను చెప్పేదేముందమ్మా? అదిగో, గోడ మీద ఉంది,” అన్నాడాయన.

ఆరేళ్ల అంకెలు. ఆవిడ వాటిని వరసగా చదువుకుని వెళ్లిపోయింది. ఎంత మొండిమనిషైనా ఆ మొహం చూస్తే కరిగిపోవాలి. ఈయన మాత్రం సభకి కూడా తాడు పట్టుకునే వచ్చాడు.

“అయిందా బాబాయ్?” అడిగాడు నీలం దుకాణం ఆయన.

పెద్దాయన అధ్యక్షురాలి వంక చూశాడు. “అయింది. చీటీలివ్వండి,” అని కూర్చున్నాడు.

ఆ వీధిలో ఒక కట్టుబాటు ఉంది. బావి అందరిదీ కాబట్టి, నీళ్లు ఎక్కువ పట్టే ఏ పనికైనా పదకొండు దుకాణాలూ ఒప్పుకోవాలి. ఒక్క ‘వద్దు’ వచ్చినా ఆ పని ఆగిపోవాల్సిందే. పేరు రాయక్కర్లేదు, కారణం మాత్రం రాయాలి.

చీటీలన్నీ డబ్బాలో పడ్డాయి. అధ్యక్షురాలు ఒక్కొక్కటీ విప్పి చదవసాగింది. సరే. సరే. సరే. ఆరు చీటీలు అలాగే సాగాయి. నీలం దుకాణం ఆయన అప్పుడే మీసం సవరించుకున్నాడు.

ఏడో చీటీ దగ్గర ఆవిడ ఆగింది.

“వద్దు,” అని చదివింది. “బావి ఊరే దానికంటే మనం తోడేది ఎక్కువవుతుంది. సగం ఆర్డరైతే సరే.”

మిగతా నాలుగూ ‘సరే’లే. కానీ వినేవాళ్లెవరు?

“సగానికి కంపెనీ ఒప్పుకోదని తెలీదా?” నీలం దుకాణం ఆయన పెద్దాయన మీదకి లేచాడు. “ఆ పిల్ల ఏడాది కష్టం బూడిదలో పోశావు కదా బాబాయ్!”

“ఆ పిల్ల మొగుడు ఇల్లు చేరడం నీకిష్టం లేదా?” వదిన కళ్లనీళ్లు పెట్టుకుంది.

పెద్దాయన తెల్లబోయాడు. “నేను... నేను సరే అనే రాశాను. పొద్దున ఈ అమ్మాయి మొహం చూశాక వద్దని రాయడానికి చెయ్యి రాలేదు.”

“చాల్లే ఊరుకో. నువ్వు సరే అన్నావంటే నమ్మడానికి మేం నిన్న పుట్టామా?”

పెద్దాయన మొహం చిన్నబోయింది. తాడు అందుకుని గుమ్మం వైపు నడిచాడు.

“ఆగు బాబాయ్,” అంది అధ్యక్షురాలు, లేచి నిలబడి.

అందరూ అటు తిరిగారు.

“అది నేను రాసిన చీటీ.”