కన్నతల్లి చలవ

"తొమ్మిది నెలల్లో ఒక్క జ్వరం కూడా రాలేదమ్మా. అంతా కన్నతల్లి చలవ," అంది అత్తగారు, నర్సుతో.

పాపను ఒళ్లో కూర్చోబెట్టుకున్న, కొడుక్కి రెండో భార్యగా వచ్చిన కోడలికి ఒళ్లు మండింది. నెలల గుడ్డుగా చేతికొచ్చిన నాటి నుంచి సీసాలు మరిగించింది తను, నిద్ర కాచింది తను. పేరు మాత్రం కాన్పులోనే కన్నుమూసిన సవతికి.

"నిజమేనండీ," అంది నర్సు సిరంజిలోకి మందు లాగుతూ. "జబ్బులతో పోరాడే శక్తి తల్లి రక్తంలోంచి కడుపులోనే బిడ్డకు చేరుతుంది. కాకపోతే అది అరువుది. ఈపాటికి అయిపోతుంది. ఇక పాప ఒళ్లు తనంతట తనే నేర్చుకోవాలి. అందుకే ఈ తట్టు టీకా."

అయిపోతుందన్న మాట కోడలి చెవికి తియ్యగా తాకింది. పాప ఇక పూర్తిగా తనదే.

అంతలోనే మనసు చివుక్కుమంది. బిడ్డను ఒక్కసారైనా ఎత్తుకోకుండా పోయిన మనిషి ఇవ్వగలిగింది అదొక్కటే.

"కొంచెం కూడా మిగలదా?" అని అడిగింది.

నర్సు తల అడ్డంగా ఊపి, సూది గుచ్చింది.

పాప గుక్కపట్టింది. కోడలు భుజాన వేసుకుని వీపు నిమిరింది.

"ఇంతదాకా మీ అమ్మ కాచిందే తల్లీ. ఇక నేనున్నానుగా."